ఫెర్మిన్‌కి ఎవరి మాట

2013 జూన్ 22, శనివారం

ఇనెస్ గారు సరేనన్నారు! పొద్దున్నే మెయిల్ చూసి ఆ హడావుడిలో పాలు పొంగించుకున్నాను. “తెలుగు అనే భాష ఒకటుందని నిన్నటిదాకా నాకు తెలియదు, అందుకు సిగ్గుపడుతున్నాను” అని రాసిందావిడ. పర్లేదమ్మా, ఇక్కడ న్యూజెర్సీలో నేను స్పానిష్ చెప్పే స్కూల్ ప్రిన్సిపాల్‌కి పదేళ్ళుగా చెబుతున్నా ఇంకా తెలియదు. దీపావళి వచ్చినప్పుడల్లా “నువ్వు హిందూ మాట్లాడతావు కదా” అంటాడు.

ఉరుగ్వేలో పుట్టి, ముప్పై ఏళ్ళుగా జెనీవాలో ఉంటున్న డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఆవిడ నవలని స్పానిష్ నుంచి నేరుగా తెలుగులోకి తేబోతున్నది నేను. విజయవాడ పరంధామయ్య గారు వేస్తానన్నారు. “మధ్యలో ఇంగ్లీషు లేకుండానా?” అని ఆయన మూడుసార్లు అడిగారు. లేకుండానే అని మూడుసార్లూ చెప్పాను.

ఎవరికైనా చెప్పాలని ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందదాకా చూశాను. చక్రపాణితో విడాకులయ్యాక అందులో చాలా పేర్లు ఊరికే పడున్నాయి. వాళ్ళ ఇళ్ళల్లో సత్యనారాయణ వ్రతాలు జరుగుతూనే ఉన్నాయి, ఫేస్‌బుక్‌లో నేనూ చూస్తున్నాను. చివరికి ఎప్పటిలాగే, ఇదే ఊళ్ళో ఉండే నా స్నేహితురాలు రాధక్కకి చేశాను.

“సీదా స్పానిష్‌ల కెల్లి తెలుగులకా? మస్తుగుంటది వసూ. సాయంత్రం ఇంటికి రా, సేమ్యా చేస్త” అంది.

వెళ్ళాను. రెండు గిన్నెలు తిన్నాను. సంతోషం ఒక్కదాన్నే ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

జూన్ 29

చిక్కంతా మాటల్లో ఉంది. నవల జరిగేది 1970లలో, హాంబర్గ్‌లో ఒక ముసలావిడ అద్దెకిచ్చే ఇంట్లో. పైన నాలుగు గదులు, కింద అందరికీ కలిపి ఒకటే వంటగది. అర్జెంటీనా నుంచి పారిపోయొచ్చిన ప్రొఫెసర్ బెల్మొంతె, స్పెయిన్ నుంచొచ్చిన విధవరాలు రెమెదియోస్, ట్రంపెట్ వాయించే క్యూబావాడు తోమాస్, నాలుగోవాడు ఫెర్మిన్. ఫెర్మిన్‌ది ఏ దేశమో నవలలో ఎక్కడా లేదు. ఒకరు పరాగ్వే అంటారు, ఒకరు బొలీవియా అంటారు, వాడు నవ్వి ఊరుకుంటాడు. వంటగదిలో పంచదార, రొట్టె దొంగిలించేది వాడే, అందరూ నవ్వేదీ వాణ్ణి చూసే.

అందరూ మాట్లాడేది స్పానిషే కానీ ఎవరి స్పానిష్ వారిది. చిక్కుడుగింజలకి నలుగురూ నాలుగు పేర్లు చెప్పి పూటంతా పోట్లాడుకునే ఘట్టం ఒకటుంది. అందరిచేతా ఒకే తెలుగు పలికిస్తే నవల చచ్చి ఊరుకుంటుంది.

మనకి మాత్రం యాసలు లేవా అనిపించాక దారి దొరికింది. ప్రొఫెసర్‌కి మామూలు తెలుగు. రెమెదియోస్‌కి గోదావరి, అది నాకొచ్చు, అమలాపురం కోడలిగా నాకు మిగిలిన లాభం అదొక్కటే. తోమాస్‌కి సీమ మాట, హాస్టల్లో రూమ్మేట్ పుణ్యం. ఫెర్మిన్‌కి తెలంగాణ. అది ఆలోచించాల్సిన పనే లేకుండా తేలిపోయింది. రాధక్క ఉండనే ఉంది.

జూలై 13

రాధక్క వంటగదిలో మొదటి బైఠక్. ఆ మాట తనదే. ఆవిడ బెండకాయలు తరుగుతుంటే నేను పక్కన స్టూల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో వాక్యం చెప్పడం, ఆవిడ తన మాటలో తిప్పి చెప్పడం.

“‘మెల్లగా దిగండి, మెట్లు జారుతున్నాయి’. ఇది మీ ఇంట్లో ఎలా అంటారు రాధక్కా?”

“ఎవరు ఎవరికి చెప్తుండ్రు?”

“ఒకాయన, ఇంకొకావిడకి.”

“మా నాయినైతే, ‘పైలం బిడ్డా, నిమ్మలంగ దిగు’ అంటుండె. ఫోన్ పెట్టేటప్పుడు గూడ గంతే. ‘పైలం బిడ్డా.’ యాభై ఏండ్లొచ్చినా నాకు పైలమే.”

కత్తిపీట ఆపి కాసేపు కిటికీలోంచి చూసింది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. హనుమకొండలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశారు, ఇండియా వీసా ఆలస్యమై ఈవిడ వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నేను టైప్ చేసుకున్నాను. ‘పైలం బిడ్డా, నిమ్మలంగ దిగు.’ ఎంత చక్కటి మాట!

నవల మొత్తం ముందే చెప్పేస్తే మజా పోతుందని ఎవరి డైలాగో చెప్పలేదు. అంతా అయ్యాక చదివిస్తాను.

జూలై 30

ఢిల్లీలో నిర్ణయం అయిపోయింది. రెండు రాష్ట్రాలు.

ఆగస్టు 3

వెళ్ళాలా వద్దా అని పొద్దుటి నుంచీ తర్జనభర్జన. తెలుగు అసోసియేషన్ వాళ్ళ మెయిళ్ళు చదివితే ఒళ్ళు మండిపోతోంది, ఇటువాళ్ళవీ అటువాళ్ళవీ. నిన్నటిదాకా ఒకే క్రికెట్ టీములో ఆడినవాళ్ళు.

చివరికి వెళ్ళాను. రాధక్క ఇంట్లో లడ్డూలు. నా చేతిలో ఒకటి పెట్టి, నేనేం చేస్తానో అన్నట్టు చూసింది. తిన్నాను. నాకు బాధగానే ఉంది, అబద్ధం ఎందుకు. హైదరాబాదులో చదువుకున్నాను, అది నాది కాదంటే ఎలా? కానీ ఆవిడ మొహంలో వెలుగు చూసి ఏమీ అనలేకపోయాను.

“లైన్ మ్యాప్‌ల గీస్తరు. నా కిచెన్‌ల గాదు. ఇయ్యాల ఎన్ని పేజీలు?” అంది.

పదకొండు చేశాం. ఫెర్మిన్ రోజురోజుకీ బతికొస్తున్నాడు. నవలలో అందరికంటే బాగా వస్తున్నది వాడే.

సెప్టెంబర్ 8

అట్ట మీద ‘ఉరుగ్వే నవల’ అని వేస్తానంటారు పరంధామయ్య గారు. ఏ దేశమో తెలియకపోతే మనవాళ్ళు కొనరట. ఇనెస్ గారికి రాస్తే రెండు లైన్ల జవాబు. “ఉరుగ్వేలో విమర్శకులు నలభై ఏళ్ళుగా నా పుస్తకాల్లో ఉరుగ్వే కోసం వెతికి, కనిపించక, నన్ను తమ మనిషి కాదు పొమ్మన్నారు. వాళ్ళకి లేని హక్కు విజయవాడకి ఎలా వచ్చింది?”

కోపమో హాస్యమో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. ఆవిడ రాసిన ఏ పుస్తకమూ సొంత దేశంలో జరగదు. హాంబర్గ్, లిస్బన్, కైరో. ‘మా మనిషి కాదు’ అన్నవాళ్ళే, బయట బహుమతులు రావడం మొదలయ్యాక ‘మా ఇనెస్’ అన్నారట. నాకావిడ మీద అభిమానం అందుకే. ఎక్కడిదానివని అడిగితే చెప్పకుండా బతకడం నాకూ కావాలి. ఓక్ ట్రీ రోడ్డులో కూరలు కొంటుంటే కూడా అడుగుతారు, “మీరు ఎక్కడ్నించండీ, అంటే ఇండియాలో, అంటే ఆంధ్రాలో, అంటే ఏ ఊరు?” అని. ఊరు చెప్పాక ఇంటిపేరు. ఇంటిపేరు చెప్పాక వాళ్ళ మొహంలో లెక్క తేలిపోతుంది.

‘అనువాద నవల’ అని వేయించాను. దేశం లేదు.

నవంబర్ 2

పూర్తయింది. స్టేపుల్స్‌లో స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ఎర్ర రిబ్బను కట్టి, దీపావళి కానుకగా రాధక్కకిచ్చాను. మొదటి పేజీలో ‘రాధారాణికి, ఫెర్మిన్‌కి నోరిచ్చినందుకు’ అని వేశాను. ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కుని ఆ పేజీ రెండుసార్లు చదివింది. గట్టిగా పట్టుకుంది నన్ను. ఈ దేశంలో నన్నెవరైనా అలా పట్టుకుని ఎన్నాళ్ళయిందో.

నవంబర్ 9

రాధక్క దగ్గర్నించి ఇంకా ఏమీ లేదు. పెద్ద పుస్తకం కదా, టైమ్ పడుతుంది.

నవంబర్ 12

ఫోన్ ఎత్తలేదు. తను పనిచేసే ల్యాబ్‌లో ఆడిట్ అన్నట్టుంది.

నవంబర్ 16

శనివారం. ఎన్ని నెలల తర్వాతో వరసగా రెండు శనివారాలు ఇంట్లోనే. బెండకాయలు తెచ్చుకుని నేనే వండుకున్నాను, జిగురు వచ్చింది.

నవంబర్ 23

పరంధామయ్య గారు ఫోన్. ఉప్పొంగిపోతున్నారు. “ఫెర్మిన్ ఉన్నాడే, వాడమ్మా పుస్తకానికి ప్రాణం! ఆఫీసులో అందరం చదువుకుని నవ్వి నవ్వి చచ్చాం. ‘పైలం బిడ్డా’ అంటూ జేబులో పంచదార కుక్కుకుంటాడు చూడండీ, అక్కడ మా కంపోజిటర్ పని ఆపేశాడు నవ్వలేక. ఆ యాస పెట్టాలని మీకెలా తట్టిందో గానీ!” జనవరిలో బుక్ ఎగ్జిబిషన్‌కి తెస్తారట.

పొంగిపోయాను. వెంటనే రాధక్కకి చెబుదామని చేశాను. ఎత్తలేదు. ‘పబ్లిషర్‌కి నీ మాటలు తెగ నచ్చాయి’ అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు కింద కనిపించింది.

రాష్ట్రం గొడవే అయ్యుంటుంది. అందరూ మారిపోతున్నారు, ఈవిడ మారదనుకోవడం నా పిచ్చి.

నవంబర్ 28

థాంక్స్‌గివింగ్. ఏటా రాధక్క ఇంట్లోనే తింటాను. ఈసారి పిలవలేదు. మరిచిపోయి ఉంటుంది.

డిసెంబర్ 1, ఆదివారం

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఓక్ ట్రీ రోడ్డులో సరుకుల షాపులో, పప్పుల దగ్గర కనిపించింది. నన్ను చూసి బండి పక్కకి తిప్పింది. నేను వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

“ఏమైంది రాధక్కా? పాలిటిక్స్ పాలిటిక్సే. మన మధ్యకి ఎందుకు తెస్తావ్?”

“పాలిటిక్సా?” అంది. “చదివిన వసూ. దీపావళి దినం రాత్రే చదివిన. పొద్దున ఉప్మా తినుకుంట మా రిషితకు చదివి వినిపించిన, గా మెట్ల సీను. అది ఏమన్నదో ఎరుకేనా? నవ్వుకుంట, ‘మామ్, హీ సౌండ్స్ జస్ట్ లైక్ తాతా!’ అన్నది. దొంగోన్ని చూసి, నా బిడ్డ తన తాత అన్నది.”

నా నోటికి చెత్త మాటే వచ్చింది.

“నవలలోనే అలా ఉంది రాధక్కా. వాడు దొంగే. నేను పెట్టింది కాదు.”

“నవల్ల ఆయన తెలుగు మాట్లాడిండా? మాట్లాడిపిచ్చింది నువ్వు గదా.”

“అదొక టెక్నిక్. నలుగురికీ నాలుగు యాసలు...”

“గండ్ల ప్రొఫెసర్ ఉన్నడు. మా నాయిన ముప్పై ఏండ్లు కాలేజీల ఫిజిక్స్ చెప్పిండు, నీకెరుకే. గా ప్రొఫెసర్‌కెందుకియ్యలే మా నాయిన మాట?”

పక్కన ఎవరో కందిపప్పు సంచీ తీసుకోవడానికి ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అంటే ఇద్దరం జరిగాం.

“సినిమాల్ల రౌడీకి మా మాట, కమెడియన్‌కి మా మాట, జేబులు కొట్టేటోనికి మా మాట. చిన్నప్పటిసంది చూసిన, నవ్విన గూడ. ఏం చేస్త? నువ్వు గూడ అట్లనే అనుకుంటవని అనుకోలే. నువ్వు అడిగితే నవ్వుకుంట చెప్పిన వసూ. ఎవరు మాట్లాడుతుండ్రు అని అడిగిన. చెప్పలే నువ్వు.”

వెళ్ళిపోయింది. బండిలో సరుకులు అలాగే వదిలేసి వెళ్ళింది. నేను వాటిని ఒక్కొక్కటే షెల్ఫుల్లో సర్దాను, ఎందుకో తెలియదు.

డిసెంబర్ 2

అతి చేస్తోంది. కథలో పాత్ర అది. కథని కథలా చూడాలి.

డిసెంబర్ 4

కథని కథలా చూడాలి. ఇది నేనెవరితో అంటున్నానో.

డిసెంబర్ 8, ఆదివారం

ఇనెస్ గారితో స్కైప్‌లో మాట్లాడాను. నా పక్షాన మాట్లాడుతుందని ఆశపడి చేశాను, వేరే దురుద్దేశం లేదు. ఆవిడ దేశాల గొడవలు దాటిన మనిషి కదా, ‘రచయితకి ప్రాంతాలేమిటి’ అంటుందనుకున్నాను. జరిగింది చెప్పి, మావాళ్ళకి ఇంకా ఇలాంటి పట్టింపులున్నాయని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. శాలువా సర్దుకుని, “ఫెర్మిన్‌ది ఏ దేశమనుకున్నారు మీరు?” అంది.

“మీరు రాయలేదు కదా.”

“వాడి మాటలో రాశాను. మా ఊరు బ్రెజిల్ సరిహద్దు పక్కన. మా మాటలో సగం పోర్చుగీసు దొర్లుతుంది. చదువుకోవడానికి రాజధానికి వెళ్తే, నేను నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. ఫెర్మిన్ మాట్లాడేది మా ఇంటి మాట. నా పుస్తకాలన్నిట్లో నా దేశంవాడు వాడొక్కడే. విమర్శకులు ప్రొఫెసర్‌లో వెతికారు, పాపం. వంటగదిలో చూడలేదు.”

నేనూ చూడలేదు. పన్నెండేళ్ళుగా స్పానిష్ పాఠాలు చెబుతున్నాను. నేర్చుకున్నది న్యూజెర్సీ కమ్యూనిటీ కాలేజీలో, డొమినికన్ టీచర్ దగ్గర. ఆ చెవికి ఫెర్మిన్ మాట తేడాగా వినిపించింది కానీ, ఎక్కడిదో అడగాలని తోచలేదు.

“వాణ్ణి చూసి పాఠకులు నవ్వాలి. నవ్వకపోతే పుస్తకం నడవదు. కానీ ఆ నవ్వు ఎవరికి తగలాలో నేను రాసే ముందే నిర్ణయించుకున్నాను. మా అమ్మకి తగలాలి, నాకు తగలాలి. అప్పుడే అలా రాసే హక్కు ఉంటుందనిపించింది. మీ తెలుగులో ఎవరికి తగులుతోంది?”

లైన్ సరిగ్గా లేదు, వినపడటం లేదు అన్నాను. చక్కగా వినపడింది.

డిసెంబర్ 11

ప్రింటింగ్ ఆపమని పరంధామయ్య గారికి చెప్పాను. “కంపోజింగ్ అయిపోయిందమ్మా! బంగారంలాంటి పాత్రని పాడు చేసుకుంటారా?” అన్నారు. కొన్ని పాత్రల మాట మార్చాలన్నాను. “ఫెర్మిన్ మాట మాత్రం ముట్టుకోకండి” అన్నారు.

ఫెర్మిన్ మాటే మార్చాలి.

2014 జనవరి 3

మంచు. స్కూల్ మూసేశారు. కింద పార్కింగ్‌లో ఏ కారు ఎవరిదో తెలియడం లేదు.

ప్రొఫెసర్‌కి తెలంగాణ. ఫెర్మిన్‌కి నా మాట, తెనాలిది. అనుకోవడం తేలికగానే ఉంది. నెల నుంచీ కొట్టుకుంటున్నాను, ఫెర్మిన్‌కి నా మాట ఇద్దామంటే అది వట్టి ‘మామూలు తెలుగు’ లాగే వస్తోంది, వాసన లేదు. నాకు యాస లేదని ఇన్నాళ్ళూ నమ్మాను కదా, ఇప్పుడు వెతుక్కుంటుంటే దొరకడం లేదు.

ఎవరితోనన్నా తెలుగులో గట్టిగా మాట్లాడి చూడాలి. ఎవరున్నారు?

జనవరి 22

మళ్ళీ స్నో డే. దొరికింది.

రొట్టె దొంగతనం సీను. ఫెర్మిన్ నోటినిండా రెమెదియోస్ రొట్టె కుక్కుకుని ఉండగా ఆవిడే వచ్చి, రా భోంచేద్దాం అంటుంది. వాడు ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి ఏదో అనాలి. ఏమంటాడా అని గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే నా నోట్లోంచే వచ్చింది. “నేనెప్పుడో తిన్నాలేమ్మా, మీరు కానియ్యండి.”

అమ్మ మాట. నాన్న పోయాక నాకూ తమ్ముడికీ వడ్డించి, తను గిన్నె అంచు గీకుతూ రోజూ అనేది. చిన్నప్పుడు నమ్మేవాళ్ళం. పెద్దయ్యాక కూడా నమ్మినట్టే తినేశాం. అమ్మ పోయి ఇరవయ్యేళ్ళు. నేను ఈ దేశం రాకముందే పోయింది.

ఆ ఒక్క మాట రాగానే మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి. ‘ఏవిటో నా పిచ్చిగానీ’, ‘ఇదిగో మిమ్మల్నే’, ‘పోన్లెద్దురూ’. సాయంత్రానికి ఫెర్మిన్ నలభై పేజీలు మాట్లాడాడు.

గట్టిగా చదివాను. ఆ రొట్టె మాట దగ్గర నవ్వు రావాలి. వచ్చింది. నవ్వాను. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

ఫిబ్రవరి 18

లోక్‌సభలో బిల్లు పాసయింది. రాధక్క ఇంటి ముందు నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను, అది నాకు దారి కాదు. కార్లు చాలా ఉన్నాయి, లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఆపలేదు.

మార్చి 1

కొత్త ప్రతి చూసి పరంధామయ్య గారు ఫోన్ చేశారు. “ప్రొఫెసర్ ఆ యాసలో పాఠం చెబితే ఎవరు నమ్ముతారమ్మా? జనం నవ్వరూ?”

“ఎందుకు నవ్వాలండీ?”

మంచివారే, నాలుగు నెలల కిందట నేనూ అలాగే అడిగేదాన్ని. “ఇప్పుడున్న పరిస్థితుల్లో ఇలా వేసినా గొడవే, అలా వేసినా గొడవే. కొన్నాళ్ళు పక్కన పెడదాం” అన్నారు. పక్కన పెట్టడమంటే నాకు తెలుసు. విడాకులయ్యాక నన్నూ అలాగే పెట్టారు.

ఇక పుస్తకం ఎవరికోసమూ కాదు. అయినా ప్రొఫెసర్ మాట సరిగ్గా ఉందో లేదో నాకు తెలియాలి. అడగాల్సిన మనిషి ఒక్కరే.

మార్చి 15, శనివారం

ఫోన్ చేయకుండా వెళ్ళాను, చేస్తే వద్దంటుందని. బెల్ కొట్టి కాగితాలు గుండెకి అదుముకుని నిలబడ్డాను. రాధక్క తలుపు తీసి, నన్నూ కాగితాల్నీ చూసి, “లోపలికి రా, చలి పెడుతున్నది” అంది. అంతే. కూర్చోమనలేదు.

వంటగదిలో కాగితాలు గట్టు మీద పెట్టాను. “ప్రొఫెసర్‌కి మీ నాయిన మాట ఇచ్చాను. సరిగ్గా వచ్చిందో లేదో చూడు. పుస్తకం వేయడం లేదు, ఊరికే చూడు” అన్నాను.

ఆవిడ నిలబడే చదివింది. రెండు పేజీలు తిప్పేసరికి ముక్కు విరిచింది.

“గిదేంది? లెక్చరర్ గిట్ల మాట్లాడుతడా? గిది సినిమా తెలంగాణ. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మా నాయిన ఒక తీరు మాట్లాడుతుండె, ఇంట్ల ఒక తీరు. నీకు మేమందరం ఒక్క తీరే వినపడ్తం.”

“నాకు తేడా వినపడటం లేదు. అందుకే వచ్చాను.”

రాధక్క చదువుతూ పోయింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. వంటగది సీను వచ్చింది. పెదాలు కదిలాయి. రొట్టె దగ్గరికి వచ్చింది. ‘నేనెప్పుడో తిన్నాలేమ్మా, మీరు కానియ్యండి.’ ఫక్కుమని నవ్వింది రాధక్క. నెలల తర్వాత ఆవిడ నవ్వు విన్నాను, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది, ఆ లైన్ పైకి చదివి గొంతు మార్చి మళ్ళీ నవ్వింది. “వీడు మంచి మోసగాడే!” అంది.

ఆ నవ్వు కోసమే ఆ మాట అక్కడ పెట్టాను. నేను కోరుకున్నదే. అయినా చెంప మీద ఒక్కటి కొట్టాలనిపించింది ఆవిణ్ణి. కాగితాలు లాక్కుని పారిపోవాలనిపించింది. మా అమ్మ మోసగత్తె కాదు, ఆకలితో పడుకునేది, నీకేం తెలుసు అని అరవాలనిపించింది. గట్టు అంచు పట్టుకుని నిలబడ్డాను.

రాధక్క నవ్వు ఆగిపోయింది. “ఏమైంది? నీ మొహం గట్లెందుకయింది?”

నేను ఆ లైన్ మీద వేలు పెట్టాను.

“ఎవరి మాట ఇది?”

“మా అమ్మది.”

ఆవిడ కాగితం మెల్లగా కింద పెట్టింది. క్షమించమనలేదు. అంటే నేను భరించలేకపోయేదాన్ని. “గట్లనే ఉంటది” అంది. మళ్ళీ, “గట్లనే ఉంటది వసూ.”

స్టూల్ నా వైపు జరిపింది. కూర్చున్నాను. తను ఎదురుగా కూర్చుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, మొదటి పేజీకి వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని ప్రొఫెసర్ మాటలు దిద్దడం మొదలుపెట్టింది.